మిరుగానికి అందని బొచ్చె చేప

ఆ రోజుల్లో బస్సు ఎక్కడం ఒక పెద్ద పని. చెన్నూరులో పొద్దున ఎక్కినవాడు మంచిర్యాలలో ఏ పూట దిగుతాడో ఆ బస్సుకే తెలియదు. ఇప్పుడు గంటలో పోయి వచ్చేవాళ్ళను చూస్తే నాకేం కుళ్ళు లేదు కాని, పాపం, ఇంటికెళ్ళి చెప్పుకోవడానికి వీళ్ళకేం మిగులుతుందా అనిపిస్తుంది.

అప్పుడు నేను చెన్నూరు బడిలో కొత్త పంతుల్ని, ఇంట్లో కొత్త పెళ్ళికొడుకుని. నా భార్య పది రోజులని చెప్పి హుజూరాబాదులోని పుట్టింటికి వెళ్ళింది. రెండు నెలలైనా రాలేదు. ఆమె రాననలేదు, మామే పంపలేదు. "గా అడవిల, గా గోదారొడ్డుకు నా బిడ్డకు ఎవలున్నరు? జరమొస్తే మందలిచ్చి మంచిచెడ్డ అడిగేటోళ్ళు సుత లేరు. హుజూరాబాదుకు బదిలీ చేయించుకో, అప్పుడు తోలుత" అని కబురు చేశాడు. బదిలీ నా చేతిలో లేదు. మామకు చేపలంటే ప్రాణమన్న సంగతి మాత్రం నాకు తెలుసు. మిరుగం నాడు (మృగశిర కార్తె మొదటిరోజు మా వైపు తినేవాళ్ళ ఇళ్ళలో చేప ఉడకని పొయ్యి ఉండదు) గోదావరి బొచ్చెను తోకతో సహా ఆయన ముందు పెడితే, మనసు కరిగి కూతుర్ని వెంట పంపిస్తాడని నా ఆశ. కోసుకుని పొమ్మని బెస్తవాళ్ళు చెప్పినా వినలేదు. తోక కనబడకపోతే అల్లుడి గొప్పేముంది?

మిరుగానికి ముందురోజు పొద్దున్నే, చంటిపిల్లంత చేపను తడి గోనెసంచిలో చుట్టుకుని బస్సెక్కాను. సగం దారిలో వాగు దాటుతుండగా బస్సు ఇసుకలో కూరుకుపోయి, లోపలేదో విరిగి ఆగిపోయింది. డ్రైవరు కిందికి దూరి బయటికొచ్చి, "సామాను మంచిర్యాల నుంచి రావాలె" అని బీడీ ముట్టించాడు. ఎండ మాడ్చేస్తోంది. మధ్యాహ్నానికి నా సంచి వాసన కొట్టడం మొదలుపెట్టింది. నా పక్కన కూర్చున్నవాళ్ళంతా ఒకరి తర్వాత ఒకరు మరో చెట్టు నీడకు మారిపోయారు.

"పంతులూ, గిట్లనే పట్టుకపోతే మీ మామ నిన్ను గడప కాడనే ఆపుతడు. కోసి ఉప్పు వెట్టు" అన్నాడు కండక్టరు.

ఆ వాగులో ఉప్పు ఎక్కడిది? ఒక పెద్దమ్మ మాత్రం కూతురింట్లో మామిడికాయ తొక్కు పెట్టడానికి ఉప్పు, కారం, ఆవపిండి, మెంతిపిండి అన్నీ కలిపి మూట కట్టుకుని పోతోంది. "ఎవలికి కొడుకా గీ తిప్పలు?" అని అడిగింది. సిగ్గు విడిచి ఉన్నమాట చెప్పాను. "పెండ్లాన్ని తెచ్చుకునేతందుకా? ముందుగాల్నే చెప్పవైతివి" అంటూ మూట విప్పింది. "మామిడికాయకు పట్టేది చేపకెందుకు పట్టది?" అంది. ఈ తర్కం మా బస్సులో అందరికీ నచ్చింది (నాకు మరీ నచ్చింది, నేను లెక్కల పంతుల్ని).

డ్రైవరు కోశాడు, కండక్టరు వాగులో కడిగాడు, పెద్దమ్మ మసాలా పట్టించింది. ముక్కల్ని బస్సు టాపు మీద, వానకు సామాన్ల మీద కప్పే తాటిపత్రి పరిచి ఎండబెట్టాం. కాకులు దిగాయి. అప్పటిదాకా ముక్కుకు తువ్వాలు కట్టుకుని దూరంగా కూర్చున్న భైంసా పత్తి సేటు లేచాడు. ఆయన వంశంలో చేప వండిన గిన్నెను తాకినవాడు లేడు. గొడుగు పట్టుకుని టాపు ఎక్కి, "అరే బాబా, నేను తిననే తినను. గని పంతులు సంసారం కాకులెత్కపోతుంటే ఎట్ల సూడాలె?" అంటూ పొద్దుగూకేదాకా అక్కడే కూర్చుని కాకుల్ని తోలాడు.

బస్సు బాగుపడి, మంచిర్యాలలో రైలు దొరికి, జమ్మికుంటలో దిగి హుజూరాబాదు చేరేసరికి మిరుగం దాటిపోయింది. మామ ముందురోజే మానేరు చేప తినేశాడు. నా మూట విప్పితే అత్త వాసన చూసి, "గిది తొక్కా, చేపనా?" అంది. నా భార్య మూటలోకి ఒకసారి చూసి, కొంగు నోట్లో కుక్కుకుని లోపలికి పరుగెత్తింది. ఏడుస్తోందనుకుని నేను హడలిపోయాను.

అయినా వండారు. మెంతుల చేదు, ఉప్పు, కారం అన్నీ ఒకేసారి నాలుకకు తగిలాయి. అందరూ చెంబులు వెతుక్కున్నారు. "గిట్ల చేసుడు నీకెవలు నేర్పిండ్రు, అల్లుడా?" అన్నాడు మామ. ఇక నాకు భార్య దక్కదని తేలిపోయింది. పోయేదేముందని వాగు నుంచి కాకుల దాకా అంతా చెప్పుకొచ్చాను.

మామ ఇంకో ముక్క నోట్లో వేసుకుని చాలాసేపు నమిలాడు.

"మూట ఇప్పినామె నీకేమైతది?"

"ఏం గాదు మామా."

"మరి గా సేటు?"

"పేరు సుత తెల్వది."

నీళ్ళు తాగి, చెయ్యి కడుక్కుని, లోపలికి చూసి, "బిడ్డా, పెట్టె సదురుకో. గా దిక్కున మనకు మంది ఉన్నరు" అన్నాడు.

మంచిర్యాలలో ఇద్దరం మళ్ళీ అదే బస్సెక్కాం. "చేప ఎట్లున్నదమ్మా?" అని కండక్టరు అడిగితే, నా భార్య తడుముకోకుండా, "మస్తుగున్నదన్నా" అంది. నా కోసం ఆమె ఆడిన మొదటి అబద్ధం అదే. ఆ ఒక్క మాటకు నాకు ప్రపంచాన్ని గెలిచినంత సంతోషమైంది.

తోక చూపించి మామను గెలుద్దామనుకున్న ఆ కుర్రవాణ్ణి తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. పెద్దమ్మ మళ్ళీ ఎక్కడా కనిపించలేదు. ఆ ఏడు ఆమె కూతురింట్లో తొక్కు పెట్టుకున్నారో లేదో అడగాలని కూడా నాకు అప్పుడు తోచలేదు. కొత్త పెళ్ళికొడుకుని, కిటికీ పక్కన కూర్చున్న మనిషిని చూసుకోవడానికే నాకు తీరిక సరిపోలేదు.