ఆడబిడ్డ ఇచ్చిన పవర్ సప్లై డబ్బా

మొన్న మా అబ్బాయి షాపుకు కొత్త కంప్యూటర్ తెచ్చాడు. మీట ఇలా నొక్కాడో లేదో తెర అలా వెలిగింది. వాడికి అందులో వింతేమీ లేదు గానీ నాకు మాత్రం గుండె దడదడలాడింది. మన రోజుల్లో కంప్యూటర్ పెట్టుకున్నవాళ్లకు తెలుసు, మీట నొక్కడమంటే అది లేస్తుందో లేవదో అని ఊపిరి బిగబట్టి కూర్చోవడమే. నాకైతే ఆ దడతో పాటు మా ఆడబిడ్డ కూడా గుర్తొస్తుంది, ఆమె గుర్తొస్తే ఈ వయసులోనూ కడుపు మండుతుంది. దాచుకోవడమెందుకు, మీరూ మనుషులే కదా.

వనపర్తిలో కాలేజీకి పోయే దారిలో మాది డీటీపీ షాపు. పిల్లల ప్రాజెక్టు రిపోర్టులు, దుకాణాల బిల్లు పుస్తకాలు, మూఢం పోయి ముహూర్తాలు మొదలైతే పెండ్లి పత్రికలు. మా ఆయన చెల్లెలు గద్వాలలో ఇదే పని చేసేది. ఇద్దరం ఒకే ఇన్‌స్టిట్యూట్‌లో టైపు నేర్చుకున్నాం, నా వేళ్లే ఆమె వేళ్లకంటే చురుకు, ఈ మాట ఎవరి ముందైనా అంటాను. అయినా మెచ్చుకోళ్లన్నీ ఆమెకే. మా అత్తమ్మ వారానికోసారి గద్వాల పోయి వచ్చి, నేను పనిలో ఉండగా చూసి మరీ చెప్పేది, "నా బిడ్డ మిషన్ల ఫొటోలు గట్ల రంగురంగులు మెరుస్తయి, నీదాంట్ల ఏంది, ఉత్త అచ్చరాలేనాయె!" అని.

ఇక నేను ఆగుతానా? ఆమె సీడీ రైటర్ పెట్టించిందని తెలిస్తే నేనూ పెట్టించాను. ఆమె ఇంకో హార్డ్ డిస్క్ వేయించిందంటే నేనూ వేయించాను. ఫొటోల కోసం ఆమె హైదరాబాద్ నుంచి గ్రాఫిక్స్ కార్డు తెప్పించుకుందని విన్నరోజు నాకు అన్నం సహించలేదు, మా ఆయన ప్రాణం తీసి అదీ తెప్పించుకున్నాను. పులిని చూసి నక్క వాత పెట్టుకున్నట్టని మా ఆయన గొణిగాడు. గొణిగితే గొణిగాడు, షాపుకొచ్చినవాళ్లకు నా మిషన్ పక్కకు తిప్పి మరీ చూపించేదాన్ని.

ఆ కార్డు పెట్టిన నాటి నుంచే మొదలైంది. మీట నొక్కితే లోపల ఫ్యాను ఒక చుట్టు తిరిగి ఆగిపోయేది, ఎర్రలైటు మిణుక్కుమని ఆరిపోయేది. బతిమాలగా బతిమాలగా లేచినా, సీడీ పెట్టగానే దానంతటదే ఆరి మళ్లీ మొదటికొచ్చేది. ఎదురుగా ఉన్న పిండిగిర్ని కరెంటంతా లాగేస్తోందని మా ఆయన అనుమానపడి స్టెబిలైజర్ తెచ్చాడు. నాగర్‌కర్నూల్ నుంచి వచ్చిన మెకానిక్ ర్యామ్ ఊడదీసి, పిల్లలు పెన్సిలు గీతలు చెరిపే రబ్బరుతో రుద్ది రుద్ది పెట్టాడు. అప్పటికీ లేవకపోయేసరికి లోపలి మదర్‌బోర్డే పోయిందన్నాడు. నేను మాత్రం ఇదంతా ఆడబిడ్డ దిష్టేనని తేల్చుకుని, నిమ్మకాయా పచ్చిమిరపకాయలూ దారానికి గుచ్చి మిషన్‌కు కట్టాను. ఓర్వలేనిది నేనైతే దిష్టి ఆమెదెట్లా అవుతుందని అప్పుడు నాకు తోచనే లేదు.

అసలు కష్టం వేరే ఉంది. బల్మూరు వాళ్ల పెండ్లి పత్రిక అందులోనే ఇరుక్కుపోయింది, పిల్ల తండ్రి పొద్దున్నే వచ్చి బెంచీ మీద కూర్చున్నాడు. బోర్డు పోయిందంటే కొత్తది కొనే స్థోమత లేదని, షాపు మూసి మనకొచ్చే పనంతా చెల్లెకే పంపిద్దామని మా ఆయన తేల్చేశాడు. షాపు పోతుందన్న దిగులు ఒకటైతే, అది పోయి ఆమె చేతిలో పడుతుందన్న మంట దానికి పదింతలు.

అత్తమ్మ ఫోన్ చేసి మిషన్ వేషాలన్నీ చెప్పినట్టుంది, మధ్యాహ్నం బస్సుకు ఆడబిడ్డ రానే వచ్చింది, చేతిసంచిలో స్క్రూడ్రైవరూ, పాత చీర ముక్కలో చుట్టిన ఇనుప డబ్బా ఒకటీ. నిమ్మకాయల దండను పదిలంగా విప్పి పక్కన పెట్టింది. సీడీ రైటర్ వైర్లు పీకింది, రెండో హార్డ్ డిస్క్‌వి పీకింది, చివరికి నేను అంత గొప్పగా చూపించుకున్న ఆ కార్డునూ ఊడబెరికి, తెర వైరు బోర్డుకే తగిలించింది. ఆమెను చూసి నేను పెట్టించుకున్నవన్నీ ఆమె చేతులతోనే బల్ల మీదికి వచ్చాయి. మీట నొక్కితే మిషన్ గమ్మున లేచింది.

"బోర్డు మంచిగనే ఉంది వదినా. కరెంటిచ్చే డబ్బా పాతది, చిన్నది. నువ్వు గిన్ని తగిలిస్తే అది యాడికెళ్లి ఇస్తది చెప్పు? నాకు గూడ గిట్లనే అయింది, జర పెద్దది ఏస్తే ఆగింది" అంది.

పత్రిక బయటికొచ్చింది, పిల్ల తండ్రి దండం పెట్టి పోయాడు. అప్పుడు ఆమె చీర ముక్క విప్పి లోపలి పెద్ద పవర్ సప్లై నా మిషన్‌లో బిగించింది. అది తన మిషన్‌లోంచి ఊడదీసి తెచ్చిందట. మరి నీ షాపో అంటే, హైదరాబాద్ నుంచి ఇంకోటి వచ్చేదాకా మూసుకుంటానంది. అన్నీ మళ్లీ తగిలించి, నిమ్మకాయల దండ కూడా ఎక్కడిదక్కడ కట్టి బస్సెక్కింది. మీరు నమ్మరు, ఆ రోజు పడ్డంత కుళ్లు నేను ఎన్నడూ పడలేదు. మిషన్‌లో మించితే ఇంకో మిషన్ కొనవచ్చు, మంచితనంలో మించితే ఏం కొని సరిపెట్టుకోను?

ఇప్పుడు పెండ్లి పత్రికలు ఫోన్లలోనే పోతున్నాయి. ఆమె షాపు మూసేసి చాలాకాలమైంది, నిలిచింది నాదే. గెలిచినదాన్ని కదా అని మొన్న ఫోన్ చేసి కొత్త కంప్యూటర్ సంగతి వివరంగా చెప్పాను, ఒక్కసారైనా ఆ గొంతులో కాస్త మంట వినిపిస్తుందేమోనని. ఏదీ, సంబరపడిపోయి, "ఎన్ని వాట్ల డబ్బా ఏయించిన్రు వదినా?" అని అడిగింది. అబ్బాయి బయటికి పోయాడు, నాకు తెలీదు. కళ్లద్దాలు పెట్టుకుని, మోకాళ్ల మీద వంగి, డబ్బా మీది అక్షరాలు చదివి వినిపించాను.

"సాలుతది తియ్, ఫికర్ లేదు" అంది.

ఇప్పటి మిషన్లు ఎవరి అభయమూ లేకుండానే లేస్తాయి, మా అబ్బాయి ఎవరినీ అడగనే అడగడు. నేను మాత్రం ఆమె ఆ మాట అన్నాకే పోయి అన్నానికి కూర్చున్నాను.