స్ప్రింగు గాజు

టైర్ల కొట్టు దగ్గర వేడి రబ్బరు వాసన వస్తే నరసరావుపేటలో నాన్న షెడ్డు గుర్తొస్తుంది. పంపు షాఫ్టుల దగ్గర నూనె కారకుండా ఆపే రబ్బరు సీళ్లు చేసేవాడు. ప్రతి సీలులోనూ సన్నటి స్ప్రింగును రింగులా కలిపి పెట్టేవాడు.

"మరీ బిగుతైతే షాఫ్టు అరిగిద్ది, వదులైతే నూనె కారిద్దమ్మా," అనేవాడు.

నాన్న పోయాక చుట్టాలు అమ్మ గాజులు తీయించారు. బోసి చేతులు చూసి, గాజులు పగిలిపోయాయనుకున్నాను. షెడ్డులోంచి పెద్ద స్ప్రింగు రింగొకటి తెచ్చి ఆమె చేతికి తొడిగాను.

"ఇది పగలదులేమ్మా. నాన్న చేసింది."

అమ్మ ఎవరో వస్తున్న అలికిడికి మణికట్టు మీదికి కొంగు లాక్కుంది.

ఆ తర్వాత అమ్మ కుట్టించుకున్న జాకెట్లన్నీ పొడుగు చేతులవే. ఎందుకో పెద్దదాన్నయ్యాక గాని నాకు తెలియలేదు.