మామిడిపండు రంగు గౌను

నా చిన్నప్పుడు, ఒక వేసవి మధ్యాహ్నం, చెప్పాల్సిన ఒక్క మాట చెప్పకుండా సముద్రం ఒడ్డున నోరు మూసుకుని నిలబడ్డాను. అందరూ మా చెల్లి కోసం వెతుకుతున్నారు. వాళ్లు వెతుకుతున్న రంగు తప్పని నాకొక్కడికే తెలుసు. తెలిసీ చెప్పలేదు. అప్పటికి నాకు పదేళ్లు. చిన్నవాణ్ణి కాబట్టి చెప్పలేదని తర్వాత చాలామంది సర్దిచెప్పారు గానీ అది నిజం కాదు. నవ్వుతారన్న భయంతో ఒక తప్పు చేశాను. ఆ తప్పు బయటపడుతుందన్న భయంతో దానికంటే పెద్ద తప్పు చేశాను.

ఎనభైల చివర్లో మేము తెనాలిలో ఉండేవాళ్లం. మా అమ్మ చెల్లెలు రేపల్లెలో టీచరు. అప్పటికింకా ఆమెకు పెళ్లి కాలేదు. బడికి సెలవులిచ్చిన మర్నాడే రేపల్లె రైల్లో మా ఇంటికి వచ్చేసేది. ప్రతి వేసవిలోనూ ఒకే తానులోంచి గుడ్డ కోయించుకొచ్చి ఇంట్లో అందరికీ కుట్టడం మా పిన్ని పద్ధతి. చెల్లికి గౌను, నాకు చొక్కా, అమ్మకూ తనకూ జాకెట్లు, ఇంకా మిగిలితే దిండు గలీబులు. మమ్మల్ని ఎవరైనా దూరం నుంచి చూస్తే ఏ ఇంటి పిల్లలో అడగనక్కర్లేదు.

ఆ ఏడాది తెనాలి బట్టల కొట్లలో ఎక్కడ చూసినా ఒకటే రంగు. బాగా మగ్గిన మామిడిపండు రంగు, దాని అంచుకి రాణిరంగు. కాలేజీ అమ్మాయిల ఓణీలూ అవే, కొట్ల ముందు వేలాడే గౌన్లూ అవే. పిన్ని కూడా ఆ తానే తెచ్చింది. మంచం మీద పరిచేసరికి గదంతా పసుపు వెలుగు పరుచుకుంది. మా అమ్మ ముఖం మాత్రం చిన్నబోయింది.

"మన ఒంటిరంగుకి ఇదేం నప్పుద్దే? తెల్లటోళ్లు కట్టుకునే రంగు" అంది అమ్మ.

"మన రంగుకి తగ్గట్టు అంటే ఇంక జీవితమంతా బూడిదరంగే కట్టుకోవాలక్కా" అని నవ్వింది పిన్ని.

పిన్నిది చామనఛాయ కూడా కాదు, మంచి నలుపు. చెల్లికీ అదే రంగు వచ్చింది. పిన్ని ఆ పసుపు జాకెట్టు మీద తెల్ల వాయిల్ చీర కట్టేది. ఇంత రంగు ఉన్నాక పూసలెందుకని మెడలో ఏమీ వేసుకునేది కాదు. ఆమె వీధిలో నడిచి వెళుతుంటే అరుగుల మీద కూర్చున్నవాళ్లు మాటలాపి చూసేవాళ్లు. ఆమె పైట కూడా సర్దుకునేది కాదు. చెల్లికి గౌను తొడిగి కొలత చూస్తూ ఒకసారి ఇలా చెప్పడం నేను విన్నాను: "అద్దంలో ఎంతసేపైనా చూసుకో అమ్మా. గడప దాటాక మాత్రం సర్దుకోకు. మాటిమాటికీ సర్దుకునేవాళ్లనే అందరూ చూసేది."

ఐదేళ్ల చెల్లి ఆ మాటని ఆజ్ఞలా తీసుకుంది. బుట్ట చేతులతో, రాణిరంగు పట్టీతో ఉన్న ఆ గౌనులో చేతులు రెండూ పక్కలకి బిగించుకుని ఇల్లంతా తిరిగింది. ఆ వేసవిలో పేలు పట్టాయని అమ్మ దాని జుట్టు పొట్టిగా కత్తిరించేసింది. మగపిల్లాడి క్రాపులా ఉండేది. గౌను వచ్చాక దానికి జుట్టు పోయిన దిగులు కూడా పోయింది.

నా చొక్కా మాత్రం నేను వేసుకోలేదు. చంకలో బిగుతుగా ఉందని అబద్ధం చెప్పాను. మా వీధి మగపిల్లలు అలాంటి రంగులు వేసుకునేవాళ్లు కాదు. వేసుకుంటే ఏమంటారో నాకు తెలుసు.

మా చర్చిలో పిల్లలకు వేసవి బైబిలు తరగతులు పెట్టేవారు. అవి అయిపోయిన మర్నాడు అందరినీ సూర్యలంక సముద్రానికి తీసుకెళ్లారు. తెనాలి నుంచి బాపట్లకి రైలు, అక్కడినుంచి బస్సు. పిల్లల్ని చూసుకోడానికి వచ్చిన పెద్దల్లో పిన్ని ఒకతి. బస్సు దిగుతుంటే నా బూడిదరంగు చొక్కా కాలరు పట్టుకుని, "నువ్వూ పసుపు చొక్కా వేసుకునుంటే ఎంత బాగుండేదిరా. అంత ఇసకలో కూడా కనబడతారనే ఈ రంగు తెచ్చా. సరే, చెల్లి చెయ్యి వదలకు" అంది.

నేను వదిలాను.

సరుగుడు తోట దాటి ఇసకలోకి రాగానే మగపిల్లలంతా చొక్కాలు విప్పి నీళ్లలోకి పరిగెత్తారు. నాకంటే కొంచెం పెద్దవాడు, చర్చిలో పాటలు బాగా పాడతాడని పేరున్నవాడు, చెల్లిని చూసి ఆగిపోయాడు. "ఒరేయ్, మీ చెల్లి నేరేడుపండుకి మామిడితొక్క చుట్టినట్టుందిరా!" అన్నాడు. అందరూ పడిపడి నవ్వారు. ఇంకొకడు అప్పటికప్పుడు దానికి బాణీ కట్టాడు. నేనూ నవ్వాను. ఆ నవ్వు ఇవాళ్టికీ నా చెవుల్లో ఉంది.

వాళ్లు కొంచెం దూరం వెళ్లాక చెల్లిని సరుగుడు చెట్ల పక్కకి తీసుకెళ్లాను. నా చొక్కా విప్పి దానికి తొడిగాను. అది దాని మోకాళ్లు దాటి కిందికి వచ్చింది. గౌను అంచు కూడా కనబడకుండా మెడదాకా బొత్తాలు పెట్టాను. "ఎందుకన్నయ్యా?" అని అడిగింది. "నీకు బాగాలేదు. అందరూ నవ్వుతున్నారు" అన్నాను. అది ఏడవలేదు. కిందికి ఒకసారి చూసుకుంది. చేతులు మడవడానికి వీలుగా రెండు చేతులూ నా ముందుకు చాపింది. పొడుగు చేతులు మడిచాను. ఇక్కడే కూర్చో అని చెప్పి నీళ్ల వైపు పరిగెత్తాను.

ఎంతసేపు ఆడానో తెలియదు. పులిహోర పొట్లాలు పంచడానికి పిలిస్తే అందరం ఒడ్డుకు వచ్చాం. చెట్ల దగ్గర చెల్లి లేదు.

మొదట పిన్ని నవ్వుతూనే వెతికింది. తర్వాత ఆమె నడక మారింది. తర్వాత పరిగెత్తింది. కనబడిన ప్రతివాళ్లనీ అడిగింది: "పసుపు గౌను పాప. ఐదేళ్లు. చూశారా అండీ?" చర్చి అయ్యగారు అదే మాట గట్టిగా అరుస్తూ ఒకవైపు వెళ్లారు. మిగతా పెద్దలు ఇంకోవైపు వెళ్లారు. ఎండుచేపలు తిరగేస్తున్న ఆడవాళ్లని అడిగితే వాళ్లు చుట్టూ చూసి, "పసుపు గౌనా? లేదండి. అసలు ఇటు రాలేదండి" అన్నారు. ఆ రంగు కనబడకపోతే ఒడ్డు మీద లేనట్టే అని అందరూ అనుకున్నారు. ఇక మిగిలింది నీళ్లు. ఒక్కొక్కరే సముద్రం వైపు తిరిగారు.

నేనూ తిరిగాను. అలలు అంతకుముందు ఆడుకున్నవే. ఇప్పుడు ఒక్కొక్కటీ లేచి విరుగుతుంటే నా చెల్లిని లోపల పెట్టుకుని దాస్తున్నట్టు అనిపించింది. చెప్పాలని నోరు తెరిచాను. సరిగ్గా అప్పుడే పిన్ని నా వైపు తిరిగింది. "నీ చొక్కా ఏదిరా?" అని అడిగింది. తడుస్తుందని సంచిలో పెట్టానన్నాను. ఎంత సులువుగా వచ్చిందో ఆ అబద్ధం! ఆమె నమ్మింది. నమ్మి మళ్లీ సముద్రం వైపు తిరిగింది. ఆ తర్వాత నిజం చెప్పడం ఇంకా కష్టమైపోయింది. ఇప్పుడు చెబితే ఇందాక ఎందుకు చెప్పలేదంటారు. చెల్లి నిజంగా మునిగిపోయి ఉంటే నేనే ముంచినట్టు. ప్రభువా, అది తనంతట తానే వచ్చేసేట్టు చెయ్యి, నేను చెప్పనక్కర్లేకుండా చెయ్యి, అని ప్రార్థన చేశాను. అలాంటి ప్రార్థన కూడా చేశాను.

జాలర్లు ఇద్దరు పడవని నీళ్లలోకి తోశారు. అంతలో ఎవరో కేకేశారు. విరుగుతున్న అలల అవతల ఏదో పసుపుపచ్చగా తేలుతోంది. ఒకసారి పైకి వచ్చి మళ్లీ మునిగింది. పిన్ని నోట్లోంచి వచ్చిన శబ్దం నేను మళ్లీ ఎవరి నోటా వినలేదు. చీరతోనే నీళ్లలోకి దూకింది. ఆమెకు ఈత రాదు. నడుము లోతు, గుండెల లోతు. ఒక అల ఆమెను పడగొట్టింది. లేచి, ఆ పసుపు వైపే చెయ్యి చాస్తూ ఇంకా లోపలికి వెళ్లింది. రెండో అల మీద పడ్డాక తల కనబడలేదు.

నేను అప్పుడు అరిచాను. "పసుపు కాదు పిన్నీ! చెల్లి పసుపులో లేదు! నా చొక్కా వేసుకుంది! నేనే వేశాను!"

ఆమెకు వినబడలేదు. జాలర్లు జుట్టు పట్టుకుని లేవదీశారు. ఇంకొకతను ఆ తేలుతున్నదాన్ని తెచ్చి ఒడ్డున పడేశాడు. అది పగిలిన ప్లాస్టిక్ డబ్బా. నేను ఇంకా అరుస్తూనే ఉన్నాను. ఇందాక లేదన్న చేపల ఆమె పరిగెత్తుకొచ్చి నా భుజం పట్టుకుంది.

"ఏ చొక్కారా? బూడిదరంగుదా? ఇంత పొడుగు?"

అవునని తలూపాను.

"ఓలమ్మా, ఆ బుడ్డోడా! మగపిల్లోడనుకున్నానండి! క్రాపు చూసి మావాళ్ల బిడ్డేలే అనుకున్నా. పసుపు గౌను అంటే నాకెట్టా తెలుద్దండి?"

ఆమె చూపించిన చోట, ఒడ్డున లాగిపెట్టిన పడవల నీడలో, మడతపెట్టిన వలల మీద చెల్లి నిద్రపోతోంది. ఆ వలలదీ బూడిదరంగే. పక్కనుంచి వెళ్లినా కనబడదు. అయ్యగారు అప్పటికి రెండుసార్లు ఆ పక్కనుంచే వెళ్లారట.

అయ్యగారు నన్ను కొడతారనుకున్నాను. ఆయన చెయ్యెత్తారు కూడా. పిన్ని వద్దంది. తడిసిన చీరతో, వణుకుతూ, ఇసకలో కూర్చుని చెల్లి ఒంటిమీది బొత్తాలు ఒక్కొక్కటే విప్పింది. చొక్కా తీసి, ఇసక దులిపి, నా చేతికిచ్చింది. "వేసుకో. ఎండగా ఉంది" అంది. అంతే. ఆమె కొట్టి ఉంటే ఆ రోజు అక్కడితో అయిపోయేది.

బాపట్లలో రైలెక్కాక చెల్లి పిన్ని ఒళ్లో పడుకుంది. పిన్ని దాని తలమీద చెయ్యి వేసి, కిటికీలోంచి చూస్తూనే నాతో మాట్లాడింది.

"దానికి బాగాలేదని చెప్పింది నువ్వు. బాగుందని చెప్పాల్సిందీ నువ్వే. నేను చెప్తే నమ్మదురా."

"చెప్తాను పిన్నీ" అన్నాను.

"నోటితో చెప్తే నువ్వైనా నమ్ముతావా?"

ఆ మాట నాకు ఆదివారం దాకా అర్థం కాలేదు. ఆదివారం పొద్దున అమ్మ గౌను ఇస్త్రీ చేసి ఇస్తే చెల్లి వద్దంది. ఎందుకంటే, "నాకు బాగోదు" అంది. అలిగి కాదు, తెలిసిన విషయం చెప్పినట్టు మామూలుగా అంది. పాత తెల్ల గౌను వేసుకుంది. నా మాట దాని నోట్లో అంత భద్రంగా కూర్చుంటుందని నేననుకోలేదు. సముద్రం దగ్గర పడ్డ భయం వేరు, ఇది వేరు. చెల్లి దొరికింది గానీ ఏదో ఇంకా దొరకలేదని ఆ క్షణంలో తెలిసింది.

లోపలికి వెళ్లి పెట్టె అడుగున నేను దాచిన పసుపు చొక్కా తీశాను. చంకలో బిగుతు లేదు. అద్దం ముందు చాలాసేపు నిలబడ్డాను. తర్వాత గడప దాటాను.

మా చర్చిలో మగవాళ్లు ఒకవైపు, ఆడవాళ్లు ఒకవైపు కూర్చుంటారు. మధ్యలోంచి ముందు వరస దాకా నడవాలి. ఆ దారి నాకు రైలుకట్టంత పొడుగ్గా అనిపించింది. ఆ పాటలు పాడేవాడు, "మామిడి రసం ఒలకబోసుకున్నావేంట్రా?" అన్నాడు. వెనక కిసకిసలు. నా చెయ్యి దానంతటదే కాలరు దాకా వెళ్లింది. అక్కడ ఆపి కిందికి దించాను. పక్కకి చూస్తే ఆడవాళ్ల వైపు నుంచి చెల్లి నన్నే చూస్తోంది. అందరూ నవ్వుతున్నారని దానికీ తెలిసింది. నేను చొక్కా విప్పలేదని కూడా చూసింది.

ఆరాధన అయ్యాక చెల్లి నాకంటే ముందు ఇంటికి నడిచింది. ఇల్లు చేరగానే తిన్నగా వెళ్లి గౌను తెచ్చి నా ముందు నిలబడింది. రెండు చేతులూ చాపింది, ఆ రోజు చాపినట్టే. గౌను తొడిగాను. వీపు మీద హుక్కులు పెట్టడం నాకు రాలేదు. పిన్ని చూస్తూ కూర్చుందే గానీ సాయానికి రాలేదు. ఎలాగో పెట్టాను. ఇద్దరం ఒకే తాను బట్టల్లో వీధి చివరిదాకా వెళ్లొచ్చాం.

ఇప్పుడు చెల్లికి పిల్లలున్నారు. అన్నయ్య నాకు ఎండ తగులుతుందని తన చొక్కా విప్పి తొడిగాడని వాళ్లకి చెబుతూ వచ్చింది. దాని జ్ఞాపకంలో అలాగే మిగిలింది. చాలా ఏళ్లు నేను దిద్దలేదు. అదీ ఒక మౌనమేనని ఆలస్యంగా తెలుసుకుని, పోయిన వేసవిలో ఆ పిల్లల ముందే జరిగినదంతా చెప్పాను. చెల్లి పిల్లల వైపు ఒకసారి చూసింది. తర్వాత, "హుక్కులు వంకరగా పెట్టావు, అది మాత్రం గుర్తుంది" అంది.

ఏటా ఎండలు మొదలవగానే నేను ఆ రంగు చొక్కా ఒకటి కుట్టించుకుంటాను. ఈ వయసులో ఇదేంటండీ అని దర్జీ కూడా నవ్వుతాడు. దానికి నేను భయపడను. కానీ కొత్తబట్టలు తొడుక్కుని ఏ పిల్లైనా నా ముందుకొచ్చి, ఎలా ఉంది మామయ్యా అని నిలబడితే మాత్రం ఇవాళ్టికీ భయమే. కిందికి వంగి, ఆ పిల్ల కళ్లలోకి చూసి, ఆ తర్వాతే నోరు తెరుస్తాను.