బోర్డు మీద కనబడ్డ నంబరు

సాఫ్ట్‌వేరులో తల నెరిసిన నాకు మదర్‌బోర్డు పేరెక్కడ రాసుంటుందో తెలియదు. సోమవారం నుంచి మా అమ్మాయికి ఆన్‌లైన్ క్లాసులు. పాత కంప్యూటర్ని బతికిద్దామని, బోర్డు మీద కనబడ్డ 94V-0నే దాని పేరనుకుని రాసుకుని, గచ్చిబౌలిలో బస్సెక్కి ఓ కంప్యూటర్ సామాన్ల దుకాణానికి ఫోన్ చేశాను.

"94V-0కి ప్రాసెసర్, మెమరీ ఉన్నాయాండి?"

"రండి సార్, పక్కాగా సెట్ అవుతాయి."

పక్క సీట్లోని మాసిన చొక్కా మనిషి నావైపు వంగాడు. "సార్, గది బోర్డు పేరు కాదు. మంట అంటుకోదని ఏసే గుర్తు, అన్ని బోర్డుల మీద ఉంటది. అసలు పేరు మెమరీ పెట్టే సందుల కాడ ఉంటది. సంచిల ఉందా? జర సూపియ్యి."

చూపించమనగానే అనుమానం పట్టుకుంది. అడగని సలహా ఇచ్చేవాడి కన్ను నా సంచి మీదే ఉంటుందనుకున్నాను. "ఇంట్లో ఉందండి" అంటూ సంచిని ఒళ్లోకి లాక్కున్నాను. లోపల బోర్డు టక్కుమంది.

"ఇంట్లనే భద్రంగ ఉండనీ తియ్యి" అని నవ్వి, తర్వాతి స్టాపులో దిగిపోయాడు.

దుకాణదారు బోర్డు చూడకుండానే అంటగట్టినవేవీ అందులో పట్టలేదు. సందుల దగ్గర వెతికితే అసలు పేరు బుద్ధిగా కూర్చునుంది. ఆ పేరు చెప్పి వేరేచోట తెచ్చినవి పెడితే, ఆదివారానికే కంప్యూటర్ లేచింది. తర్వాత, అన్ని బోర్డుల మీదా ఉంటుందన్న బస్సు మనిషి మాట గుర్తొచ్చి టీవీ రిమోట్ విప్పాను. దాని బోర్డు మీదా 94V-0.

మర్నాడు దాన్ని కాగితంలో చుట్టి, నంబరొక్కటే కనబడేలా ఆ దుకాణదారుకు చూపించాను.

"దీనికి ప్రాసెసర్?"

"ఉంది సార్, పక్కాగా సెట్ అవుతుంది."

కాగితం విప్పి, డొప్ప తొడిగి, రిమోట్ అతని చేతిలో పెట్టాను.

"ముందు మీ వాల్యూమ్ జర తగ్గించండి" అన్నాను.