ఎంటర్ నొక్కేముందు రెండు చేతులు

నిన్న మా పాత కంప్యూటర్ మూత విప్పి ఫ్యాను తుడుస్తుంటే వేళ్లకు బూడిదరంగు నూగు అంటుకుంది. వేడెక్కిన దుమ్ము వాసన. ఆ వాసనతో ఆదోనిలో పత్తి నుంచి గింజ తీసే జిన్నింగ్ మిల్లు, అందులో మా చిన్న కంప్యూటర్ గది, పక్కన నిలబడి "సదువమ్మా, గట్టిగా సదువు" అనే హనుమంతప్ప సారు, అన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చాయి.

ఎనభైల చివర్లో మిల్లు యజమాని ఒక యునిక్స్ కంప్యూటర్ కొన్నారు. దాన్ని చూసుకోవడానికి పట్నం నుంచి ఎవరో టై కట్టుకున్నాయన వస్తాడనుకున్నాం. యజమాని మాత్రం ఇరవై ఏళ్లుగా జిన్ను మిషన్లకు ఫిట్టరుగా ఉన్న హనుమంతప్పను నెల రోజుల శిక్షణకు పంపారు. నేను డిగ్రీ చదివి, ఎమ్మిగనూరు నుంచి రోజూ బస్సులో వచ్చే ఆపరేటర్ని. నాన్న మగ్గం మూలపడ్డాక ఇంటికి జీతం తెచ్చేది నేనొక్కదాన్నే. అయినా నా పొగరుకేం తక్కువ లేదు. గ్రీజు చేతుల మనిషి నాకు కంప్యూటర్ నేర్పడమేమిటని లోలోపల గొణుక్కునేదాన్ని.

ఆయన పద్ధతి వింతగా ఉండేది. ఏ ఫైలైనా చెరిపేముందు, మనం ఏ డైరెక్టరీలో, అంటే ఏ ఫైళ్ల అరలో, ఉన్నామో ముందు కంప్యూటర్నే అడగాలి. తర్వాత అక్కడున్న ఫైళ్ల పట్టిక తెప్పించి చూడాలి. చెరిపే ఆదేశం టైపు చేశాక, ఎంటర్ నొక్కకుండా రెండు చేతులూ పైకెత్తి ఆ లైను బయటికి చదవాలి.

"యాడుండావో తెలీకుండా సీపురు ఎత్తగూడదమ్మా, పక్కింటి సామాను ఊడ్సేస్తావు" అనేవారు. నాకు నవ్వొచ్చేది. ఆయన ఎదుట చేతులెత్తేదాన్ని, ఆయన లేనప్పుడు మానేసేదాన్ని.

ఒక ఉదయం పోయిన సీజను ఫైళ్లు చెరపమని చెప్పి సారు టీకి వెళ్లారు. నేను అన్నీ చెరపమని కొట్టి ఎంటర్ నొక్కేశాను. తీరా చూస్తే నేనున్నది పోయిన సీజను డైరెక్టరీలో కాదు, నడుస్తున్న సీజనుదాంట్లో. ఏ బేలు, అంటే ఏ పత్తి కట్ట, ఏ లాటుదో చెప్పే ఫైళ్లన్నీ పోయాయి. మధ్యాహ్నం లారీలకు ఎత్తడానికి ఆ పట్టికే ఆధారం. యునిక్స్‌లో పోయిందంటే పోయిందే, మళ్లీ ఒకమాట అడగదు. ఉద్యోగం ఊడినట్టేనని, నాన్నకు ఏమని చెప్పాలా అని ఏడుపొచ్చింది.

సారు వచ్చి తెర చూశారు, నా ముఖం చూశారు. తిట్టలేదు. బీరువాలోంచి ముందురోజు కాపీ తీసిన టేపు తెచ్చి నా చేతిలో పెట్టారు.

"సెరిపిన సేతుల్తోనే మల్లా ఎక్కించల్ల."

"టేపు పనిచేస్తుందా సార్?"

"నిన్ననే తీసి సూసినా లేమ్మా. తీసి సూడని కాపీ కాపీ కాదు."

టేపులో లేనివి ఆ ఉదయం కట్టిన బేళ్ల వివరాలే. తూకం చీట్లు తెప్పించి ఆయన చదువుతుంటే నేను కొట్టాను. యజమాని తలుపులోంచి తొంగిచూసి "ఏమైందప్పా?" అన్నారు. "మా గదిలో తప్పు జరిగింది సార్, లారీలొచ్చేలోపల సరిజేస్తాము" అన్నారు సారు, నా వైపు చూడకుండా. లారీలు వచ్చేసరికి పట్టిక సిద్ధంగా ఉంది.

అప్పుడు సిగ్గుపడుతూనే అడిగాను, ఈ చేతులెత్తడం ఎక్కడిదని.

"జిన్ను స్విచ్చి ఏసేముందు 'సేతులు!' అని అరుస్తాము. అందురూ రెండు సేతులూ పైకెత్తినాకే ఏయల్ల. ఒగతూరి నేను అరిసినా గానీ, తల తిప్పి సూడలే. మాతోపాటు పనిజేసే రంగన్న సెయ్యి మిషను లోపలుండె." నా చేతుల వైపు చూశారు. "నీది టేపులో ఉండె, తెచ్చుకుంటివి. వాని సేతికి కాపీ యాడుందమ్మా?"

ఆ తర్వాత నేనెప్పుడూ నవ్వలేదు.

ఇప్పుడు ఆ యునిక్స్ బాటలోనే వచ్చిన లినక్స్ వాడుతున్నాను. అడిగినవాళ్లకల్లా నేర్పుతున్నాను కూడా. చాలావరకు ఆనాటి ఆదేశాలే. నేను చేతులెత్తితే నేర్చుకునేవాళ్లు నవ్వుతారు. నవ్వనిస్తాను, నేనూ నవ్వినదాన్నే కదా. నాకు అన్నం పెట్టిన ఈ విద్య ఆ గ్రీజు చేతుల్లోంచి వచ్చిందని మాత్రం చెప్పకుండా వదలను.

నిన్న ఫ్యాను తుడిచి, మూత బిగించి, పాత ఫైళ్లు చెరపడానికి కూర్చున్నాను. ఎక్కడున్నానో అడిగాను. పట్టిక చూశాను. రెండు చేతులూ పైకెత్తి లైను గట్టిగా చదివాను. గదిలో నేను తప్ప ఎవరూ లేరు. అయినా ఎంటర్ నొక్కేముందు ఒకసారి తల తిప్పి చూశాను.