బెర్గెన్‌లో చెప్పాల్సిన సాక్ష్యం

ఆ వార్త మొదట నాకు మోసుకొచ్చింది మా సంఘపు బైబిలు స్త్రీ. నేరేడ్‌మెట్‌లో మా ఇంటి గడప ఎక్కుతూనే, చెప్పులైనా విప్పకుండా, "అమ్మాయ్, నిన్నే పంపిస్తున్నారు! దొరసానిగారు నీ పేరే రాశారు" అంది. నార్వే దేశంలో బెర్గెన్ అనే సముద్రపు ఊళ్లో వచ్చే ఎండాకాలం స్త్రీల సభలట. ఒక తెలుగు స్త్రీ వెళ్లి, పదిహేను రోజులుండి, సాక్ష్యం చెప్పి రావాలి. నేను బడి ముఖం చూడనిదాన్ని. నాన్న ఇంట్లో కూర్చోబెట్టి బైబిలు మీదే అక్షరాలు నేర్పించారు. అలాంటి నన్ను ఎంచుకున్నందుకు మోకాళ్ల మీద పడి స్తోత్రం చేశాను.

అప్పటికి నిజాం మీద పోలీసు యాక్షన్ జరిగి నెల కాలేదు.

మా మిషన్ దొరసానిగారిది ఆ ఊరే. అక్కడ ఎండాకాలంలో కూడా వాన పడుతుందనీ, ఉన్ని కోటు లేకపోతే మంచం పడతాననీ చెప్పారు. మా ఆయన సికింద్రాబాద్ లష్కర్ బజారులో పాత మిలటరీ కంబళి ఒకటి కొనుక్కొచ్చారు. దాన్ని కోటుగా కుట్టడానికి వెనక వీధి నుంచి ఒక ముస్లిం దర్జీ వచ్చేది, ఆమెను అందరం ఆపా, అంటే అక్క, అనేవాళ్లం. నా పెళ్లి నాటినుంచి నా రవికెలన్నీ ఆమె చేతివే.

కోటు ఒక వంక మాత్రమే. ఆపా భర్త మా పెరట్లో కట్టెల గదిలో దాక్కుని ఉన్నాడు. చేరకపోతే బతకనివ్వరన్న భయంతో ఆ వేసవిలో రెండు నెలలు రజాకార్ల కవాతులో నడిచాడు. ఎవరి మీదా చెయ్యెత్తలేదన్నాడు, నేను నమ్మాను. ఇప్పుడు అలాంటివాళ్లను ఇల్లిల్లూ వెతికి పట్టుకుపోతున్నారు. పోయినవాళ్లందరూ తిరిగి రావడం లేదు. ఆపా బట్టల మూట అడుగున రొట్టెలు పెట్టుకుని రోజూ వచ్చేది. అంచు వంకర పోయిందనీ జేబు కిందికైందనీ పని సాగదీసేది.

మా అత్తగారు కోస్తా మనిషి. ఆవిడ నోటికి నా ప్రయాణం రోజూ పండగే. "ఏమే, అక్కడ చేపను కత్తితో కోసుకు తింటారటగా? ముల్లు గొంతులో దిగితే నీ సాక్ష్యం ఎవరు చెబుతారు?"

ఆపా సూది దారం ఎక్కిస్తూ, "ఫికర్ చెయ్యకు అమ్మా. గొంతు దాంక గుండీలు పెడుతున్న, ముల్లు సుత దిగది" అనేది. గోడకవతల భర్త వింటున్నాడని తెలిసి కాస్త గట్టిగానే అనేది.

"ముందు మన బుధవారం ప్రార్థన కూడికలో చెప్పి అలవాటు చేసుకో. పాత సంగతులు వద్దు. ఈ ఏడాది దేవుడు నీ ఇంట్లో ఏం చేశాడో అది చెప్పు" అన్నారు దొరసానిగారు.

మాలో సాక్ష్యానికి లేచినవాళ్లు దాచకూడదు. పొందిన మేలును పదిమందిలో ఒప్పుకోకపోతే దాన్ని దొంగిలించినట్టేనని నాన్న అనేవారు. నేను లేచి నా టైఫాయిడ్ తగ్గిన సంగతి చెప్పాను. ఎవరి ముఖంలోనూ కదలిక లేదు. ఒకామె ఆవలించింది. బెర్గెన్‌లో ఇది ఎవరు వింటారు అనిపించింది. అప్పుడు నా నోరు దానంతటదే తెరుచుకుందని ఇన్నేళ్లూ చెప్పుకున్నాను. అబద్ధం. నేనే తెరిచాను.

"ఒక ముస్లిం సోదరుడి ప్రాణాన్ని ప్రభువు ఈ రోజు వరకు మా కట్టెల గదిలో కాపాడుతున్నాడు. స్తోత్రం" అన్నాను.

ముప్పై మంది ఆమెన్ అన్నారు. దొరసానిగారు కళ్లు తుడుచుకుని, ఇదే సాక్ష్యం, ఇదే చెప్పాలి అన్నారు.

శుక్రవారం పొద్దున పదింటికి అలా వెతికి పట్టుకుపోయేవాళ్లు ఐదుగురు వచ్చారు. ఏమీ అడగలేదు, నేరుగా పెరట్లోకి నడిచారు. వరండాలో ఆపా చేతిలో కోటు భుజం ఉంది. అతన్ని జుట్టు పట్టి ఈడ్చుకుంటూ ఆమె ముందునుంచే తీసుకుపోయారు. వాళ్లలో ఒకడు వెనక్కి వచ్చి అత్తగారిని మంచినీళ్లడిగాడు. తాగి, గ్లాసు కడిగి మరీ ఇచ్చాడు.

ఆదివారం కాప్రా చెరువులో అతని శవం తేలింది.

కూడికలో ఎవరు బయటపెట్టారని నేను ఏడుస్తుంటే అత్తగారు బియ్యం ఏరుతూ, "ముప్పై నోళ్లు వెతుకుతావెందుకే? మొదట చెప్పిన నోరు ఒకటే కదా" అంది.

నాలుగో రోజు ఆపా తన కత్తెర కోసం వచ్చింది. కాళ్ల మీద పడ్డాను. వెనక్కి జరిగింది. "మీ దేవునికి చెవులు లేవా చెల్లె? మనసులో చెప్పుకుంటే ఇనకపోవునా?" అని, కత్తెర తీసుకుని వెళ్లిపోయింది.

దొరసానిగారు నన్ను పిలిపించి, "నీ సాక్ష్యం ఇప్పుడు ఇంకా బలమైంది. అతను చనిపోయిన సంగతి కూడా చేర్చుకో" అన్నారు. నేను వెళ్లనన్నాను. కృతజ్ఞత లేనిదానివి అన్నారు. ఆ మాట నన్నెవరూ అంతకుముందు అనలేదు.

నా బదులు పద్మారావు నగర్ టీచరమ్మ ఓడెక్కింది. నా కట్టెల గది కథే చెప్పిందట. జనం వెక్కివెక్కి ఏడ్చారట. తిరిగొచ్చి ఎంతో సంతోషంగా చెబుతుంటే, "అతని భార్య ఏమైందని ఎవరైనా అడిగారా?" అన్నాను. "లేదే" అంది.

ఆపా ఆ నెలలోనే ఇల్లు ఖాళీ చేసింది. ఎటు పోయిందో వీధిలో ఎవరికీ చెప్పలేదు. మాలాంటివాళ్లకు చెబితే ఏమవుతుందో ఆమెకు తెలుసు.

ఇది చదివినవారు నా కోసం ప్రార్థన చేయనక్కర్లేదు. భర్తకు రొట్టెలు మూటగట్టుకుని, నన్ను నమ్మి నా గడప తొక్కిన ఆ మనిషిని మాత్రం ఒక్కసారి తలుచుకోండి.