డోలీ కర్ర ముందు కొస

ఆదివారం పొద్దున హుకుంపేటలో జీపెక్కి, అది ఎప్పుడు నిండుతుందా అని చూస్తూ కూర్చున్నప్పుడు ఫోనొచ్చింది. మా ఊరి ఉపదేశి తాత పోయాడు. అవతల ఏడుస్తున్నది ఆయన భార్య, మేమంతా మామ్మ అని పిలిచే మనిషి. దారిలో కొండవాగు, మా గెడ్డ దగ్గరే ప్రాణం పోయిందట. తారురోడ్డు ఇంకా ఎంతో దూరం.

ఉపదేశి అంటే మా కొండమీది క్రైస్తవ సంఘాన్ని చూసుకునే మనిషి. పాస్టరుగారు నెలకోసారి వస్తారు. మిగతా ఆదివారాలు తాతే ఆరాధన జరిపించేవాడు. చదువు అంతంతమాత్రం. బైబిలు మీద వేలు పెట్టి ఒక్కో మాటా కూడబలుక్కుంటుంటే మేం పిల్లలం ఆవలించేవాళ్ళం. పాట ఎత్తుకుంటే రాగం ఎటు పోతుందో ఆయనకే తెలీదు. ఆయన ప్రసంగం ఒక్కటీ నాకు గుర్తులేదు. భుజం మాత్రం గుర్తుంది.

మా ఊరికి రోడ్డు లేదు. ఎవరికి జబ్బు చేసినా డోలీయే గతి. పొడవాటి కర్రకి దుప్పటి ఊయలలా కట్టి, మనిషిని అందులో పడుకోబెట్టి, ఇద్దరు మోస్తుంటే ఇద్దరు భుజం మార్చడానికి వెంట నడవాలి. కొండ దిగేటప్పుడు బరువంతా ముందువాడి మీద పడుతుంది, ఎక్కేటప్పుడు వెనకవాడి మీద. తాత దిగేటప్పుడు ముందు కొస, ఎక్కేటప్పుడు వెనక కొస పట్టేవాడు. చెప్పులు విడిచి, గోనెపట్టా మడిచి భుజాన వేసుకుని, "ప్రెబువా, నువ్వు ముందెల్లు" అనేవాడు. అంతే ప్రార్థన. నన్ను కనడానికి మా అమ్మ కొండ దిగింది కూడా ఆ భుజం మీదే.

ఒక ఏడు ఊళ్ళో పెద్ద గొడవైంది. అమ్మవారి పండగలో కలవలేదని మా క్రైస్తవుల ఇళ్ళవాళ్ళని ఊట దగ్గరకి రానివ్వలేదు. ఆ కట్టడి పెట్టింది ఊరి దేవతకి పూజ చేసే దిశారి. నెల తిరక్కుండానే ఆ దిశారి భార్యకి కాన్పు కష్టమైంది. తాత కర్ర తీశాడు. మా నాన్న గుమ్మంలో అడ్డం నిలబడ్డాడు.

"మనకి నీళ్ళియ్యనేదు ఆళ్ళు. నువ్వెల్తావేటి?"

"నానేటి ఎల్తన్నానురా? ఆయన ముందెల్తన్నాడు, ఆయన అడుగులో నాను అడుగేత్తన్నాను. ఆయనాగితే నానూ ఆగిపోతాను. ఆగినాడేటి, సూడు."

మా నాన్న తిట్టుకుంటూనే వెళ్ళి వెనక కొస పట్టాడు. తల్లీ బిడ్డా బతికారు. ఊట దగ్గర కట్టడి మాత్రం ఆ ఏడాదంతా అలాగే ఉంది.

ఇప్పుడు నా సంగతి చెప్పాలి. శనివారం మధ్యాహ్నం మామ్మ ఫోన్ చేసింది. "తాతకి ఆయాసం ఎక్కువైపోనాది బాబూ. కుర్రోళ్ళందరూ దిగువకి పనులకెల్లిపోనారు, మొయ్యడానికి మనుసుల్నేరు. నువ్వు బేగి రా." నేను హుకుంపేట బడిలో మాస్టర్ని. బయట వాన దంచుతోంది. "రేపు పొద్దున్నే వస్తాను మామ్మా, ప్రార్థన చేస్తాను" అన్నాను. చేశాను కూడా, దుప్పటి కప్పుకుని.

నేను చేరేసరికి గెడ్డ పొంగు తగ్గింది. దాటి వెళ్తే అవతలి ఒడ్డున తడిసిన దుప్పటిలో తాత ఉన్నాడు. పక్కన దిశారి కూర్చుని ఉన్నాడు. ఆయనకీ తాత వయసే. "ఇంక ఆగనేక తెల్లారీసరికి బయల్దేరినాం. ముందు నాను పట్టినాను, ఎనకాల మీ మామ్మ పట్టింది. గెడ్డ పొంగింది, దాటనేకపోనాం" అన్నాడు నా మొహం చూడకుండా.

"నువ్వొత్తన్నావని తాతకి సెప్పినాను బాబూ. 'ఆడొత్తే ముందు కొస ఆడికియ్యండి' అన్నాడు" అంది మామ్మ.

ఆయన్ని తిరిగి ఊరికి ఎక్కించేటప్పుడు వెనక కొస నేను పట్టాను. దారంతా దిశారి నాకు ముందు నడిచాడు. ఆ వయసులోనూ ఒక్కసారీ భుజం మీంచి కర్ర దించలేదు.

సమాధి దగ్గర పాస్టరుగారు, ప్రభువు తన సేవకుణ్ణి పిలుచుకున్నాడని చెప్పారు. కావచ్చు. అంతకు ముందు రోజు మామ్మ పిలిచింది, నన్ను. యేసుని వెంబడించడమంటే ఏమిటో సండే స్కూలు పిల్లలకి తాత కన్నా బాగా చెప్పగలను. వేలు పెట్టకుండా చదవగలను. క్షమాపణ ఉందని కూడా ప్రతి ఆదివారం చెబుతాను. నా మటుకు అది ఎక్కడుందో కనబడటం లేదు. ఊళ్ళో ఇంకా ముసలివాళ్ళున్నారు, మళ్ళీ వాన పడుతుంది, ఇకమీదట ఎవరు మోస్తారో నాకు తెలీదు.

అందరూ వెళ్ళాక ప్రార్థన గుడి గోడకి చేరేసిన డోలీ కర్ర దగ్గరకి వెళ్ళాను. ముందు కొస దగ్గర ఆయన భుజం ఒరుసుకుని నున్నగా అరిగిన చోటు ఉంది. అక్కడ నా భుజం ఆనించి పైకెత్తాను. వెనక కొస నేల మీదే ఉంది.